పద్నాలుగో గడి

పదిహేడో నంబరు చీటీ చేతిలో పెట్టి, "పిలుస్తాం, కూర్చోండి మేడమ్," అని చెప్పిన గుమాస్తా అమ్మాయి తలుపు వెనక మాయమై అరగంటైంది, లోపలికి వెళ్ళింది ఇంకా పన్నెండో నంబరే, తలా పది నిమిషాలు వేసుకున్నా తన వంతు వచ్చేసరికి అయిదు కొడుతుంది. అయిదంటే అక్కడ బడి మైదానంలో పిల్లలు ఒళ్ళు వెచ్చబెట్టుకోవడం అయిపోయి రెండో రౌండులో ఉంటారు. ఇరవై నాలుగేళ్ళుగా పిల్లల్ని గీత మీద నిలబెట్టి, విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా ఊరించిన మనిషి ఇవాళ కోచ్‌ల లైసెన్సు ఆఫీసులో గోడవార బెంచీ మీద చీటీ పట్టుకుని తలుపు వంక చూస్తూ కూర్చుంది. బాగా అయింది, అనుకుంది తనలో తను. బడిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు, అందరికీ విజిల్ మేడమే, ఆఖరికి ఇంట్లో భర్త కూడా ఆ పేరే పట్టుకున్నాడు. ఆ విజిల్ ఇప్పుడు హ్యాండ్‌బ్యాగులో తాళాల గుత్తి కింద ఎక్కడో ఉంది. ఒళ్ళో ఫారం ఉంది. నాలుగు పేజీలు, పద్నాలుగు గళ్ళు. పదమూడు గళ్ళకి ఏ బాధా లేదు: వయసు, అనుభవం, ఆడిన ఆటలు, శిక్షణ తరగతులకు ఎన్ని రోజులు వచ్చారు. పద్నాలుగో గడి ఆఖరి పేజీలో, సంతకానికి సరిగ్గా పైన.

మీ శిక్షణలో ఉన్న విద్యార్థికి మీ సూచన వల్ల గాయం కలగడం గానీ, ఉన్న గాయం పెరగడం గానీ జరిగిందా? జరిగితే వివరించండి. దాని కింద బడి ఆఫీసులో టైపు చేసిన ఒక్క మాట: లేదు. తర్వాత మూడు ఖాళీ గీతలు. ఫారం తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్ కుర్చీలోంచి సగం లేచి మరీ ఇచ్చాడు, "అన్నీ మావాళ్ళే నింపేశారు మేడమ్, మీరు సంతకం పడేస్తే చాలు, ఈ లైసెన్సు గొడవ వదిలిపోతుంది," అన్నాడు. నిజానికి ఆయనది మంచి మనసే. ఈ ఏడాది నుంచి లైసెన్సు లేని కోచ్ పిల్లలతో మైదానంలో కాలు పెట్టకూడదని కాగితం వచ్చినప్పుడు ఆమె కంటే ఆయనే ఎక్కువ కంగారు పడ్డాడు. ఆమెకి ఉద్యోగం ఇచ్చింది ఈయనకి ముందున్నాయన కంటే ముందాయన, అప్పట్లో పరుగులో గెలిచిన మూడు కప్పులు బల్ల మీద పెడితే, వాటిల్లో పెద్దదాన్ని ఎత్తి బరువు చూసి, రేపట్నుంచి రామ్మా అన్నాడు. అంతే పరీక్ష. పరుగెత్తడం వచ్చినవాళ్ళకి పరుగెత్తించడం రాదా ఏమిటి అని ఆయనా అనుకున్నాడు, తనూ అనుకుంది. భర్త మాత్రం ఆ కాగితం చూసి తెగ నవ్వాడు. బస్సు డ్రైవరు. "నలభై మందిని కూర్చోబెట్టి తిప్పడానికి నాకు అయిదేళ్ళకోసారి కళ్ళు చూస్తారు, చెవులు చూస్తారు, బ్రేకు ఎక్కడుందో చెప్పమంటారు. నువ్వేమో ఇన్నేళ్ళు లైసెన్సు లేకుండా పిల్లల్ని తోలేశావు. దొరికావు ఇప్పుడు," అన్నాడు. అన్నవాడే డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగాడు. వడదెబ్బ తగిలితే మొదట ఏం చేయాలి? తల నేలకి కొట్టుకున్న పిల్లవాణ్ణి మళ్ళీ ఎప్పుడు ఆడనివ్వాలి? ఆమె తప్పు చెప్తే నోటితో హారన్ కొట్టేవాడు. రాత పరీక్షలో నూటికి ఎనభై ఎనిమిది వచ్చాయి. చిన్నప్పుడు లెక్కల్లో కూడా అన్ని రాలేదు.

బెంచీ మీద వరసగా ఉన్నవన్నీ ఆడిన కాళ్ళే. ముఖాలు చూడకముందు కాళ్ళు చూడటం ఆమెకి అలవాటు. పక్కనున్న ఫుట్‌బాల్ ఆయన కుడి మోకాలు మడవడు, చాపే కూర్చున్నాడు. అవతల ఈత నేర్పే కుర్రాడు చెప్పుల్లో వచ్చాడు. ఫుట్‌బాల్ ఆయన ఆమె ఫారంలోకి తొంగి చూసి, "పద్నాలుగు దగ్గర ఆగారా? అందరూ లేదనే రాస్తారండీ. దేవుడు దిగొచ్చి అడిగినా అదే మాట," అన్నాడు. "మీకెప్పుడూ ఏమీ జరగలేదా అండీ?" అంది. ఆయన మోకాలు మీద చెయ్యేసుకుని, "జరక్కుండా ఎలా ఉంటుంది," అని అటు తిరిగి ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. ఈ గదికి కొత్తగా సున్నం వేసినట్టున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల నేల మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మ కాళ్ళు కనబడుతున్నాయి. దానికి గుండె నొక్కి ఊపిరి తెప్పించాలి. అది భయం లేదు, చేతులకి బలముంది. దానికి కాళ్ళు ఎందుకు పెట్టారో, కాళ్ళతో పనేముంది దానికి.

శిక్షణ మూడో రోజున వచ్చిన డాక్టరమ్మకి ముప్ఫై కూడా ఉండవు. తెర మీద ఒక ఎక్స్‌రే వేసి, ఎముకలో వెంట్రుకంత గీత చూపించింది. "ఇది ఒక్క రోజులో రాదు. వారాల తరబడి నొప్పి పుడుతుంది, పిల్ల చెప్తుంది, మనం వినం. మోకాలి కింద ముంగాలు నొప్పంటే అడగండి: ఎక్కడ నాన్నా, చూపించు అని. అరచేత్తో పైనుంచి కిందకి రాసి ఇదంతా అంటే చాలావరకు కండది. ఒక్క వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అంటే ఎముకని అనుమానించండి, ఆ రోజుతో పరుగు ఆపించి మా దగ్గరికి పంపండి. దీనికి మెషీన్లు అక్కర్లేదు, అడగడం చాలు," అంది. ముందు వరసలో కూర్చుని బుద్ధిగా రాసుకుంటోంది తను. ఒక్క వేలు అని రాసింది. అక్కడ పెన్ను ఆగిపోయింది. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు, ఎవరో దగ్గుతున్నారు, ఆమెకి మాత్రం కుడిచేతి బొటనవేలు కింద ఏదో గట్టిగా తగిలినట్టయింది, చిన్న బొడిపె, ఎడమకాలి మీద, మోకాలికి జానెడు కింద. పదకొండేళ్ళ కిందటి కాలు అది. ఆ రోజు అన్నం సయించలేదు. భర్త ప్రశ్నలడగబోతే తలనొప్పంది.

పిడుగు అనేవాళ్ళు ఆ పిల్లని. పదిహేనేళ్ళు, చెవిలో ఏదో చెప్పబోయేలోపు అవతలి గోడ దగ్గర ఉండేది. కుదురుగా నడవడం చేతకాదు, తరగతి నుంచి తరగతికి కూడా పరుగే, ఎన్నిసార్లు గోడ కుర్చీ వేయించారో లెక్కలేదు. నాలుగు వందల మీటర్లు ఆ పిల్ల పరిగెడుతుంటే మాస్టర్లు పాఠాలాపి కిటికీల దగ్గరికి వచ్చేవాళ్ళు. పోటీలకి పదిహేను రోజుల ముందు సాయంత్రం గట్టు మీద కూర్చుని కాలు పట్టుకుంది. తనే వెళ్ళి, మేజోడు కిందకి లాగి, మందు రాసింది, బొటనవేలితో నొక్కి నొక్కి రాసింది, ఒకచోటికొచ్చేసరికి పిల్ల ఉలిక్కిపడింది, ఒళ్ళంతా ఎగిరిపడింది. "ఏమే, అంత సుకుమారమా? ఓర్చుకో, పరిగెడితే అదే పోతుంది," అంది. నవ్వుతూనే అంది. పిల్లా నవ్వింది. వేలికి తగిలిన బొడిపె తెలిసింది, తెలియకేం, అది కండ గడ్డకట్టిందని అనుకుంది, తన కాళ్ళకీ అలాంటివి వచ్చాయి, పోయాయి, తన కోచ్ తనకీ అదే మాట అన్నాడు, ఓర్చుకో అని. ఆయనకి ఎవరన్నారో. పోటీ రోజున చివరి మలుపులో పిడుగు అందరికంటే ఆరడుగులు ముందుంది. శబ్దం వచ్చింది. అంత జనంలో, అంత అరుపుల్లో ఆ చిన్న శబ్దం తనకెలా వినబడిందో ఇప్పటికీ తెలియదు. అందరూ కాలు బెణికిందన్నారు, తప్పటడుగు వేసిందన్నారు, దిష్టన్నారు. రెండు ఆపరేషన్లు. తను ఆసుపత్రికి రోజూ వెళ్ళింది, ఆ పిల్ల తల్లి తన చేతులు పట్టుకుని, "మీరు కన్నతల్లిలా చూశారమ్మా," అని ఏడ్చింది. ఆ మాటకి తను కూడా ఏడ్చింది. సిగ్గులేదూ, అంది ఇప్పుడు తనని తను, బెంచీ మీద, పైకి వినబడేలాగే. ఫుట్‌బాల్ ఆయన తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

పదమూడు. చెప్పుల కుర్రాడు లేచాడు. అక్కడ బడిలో గంట కొట్టి ఉంటారు, పిల్లలు బట్టలు మార్చుకుని గీత మీదికి వస్తుంటారు. ఆరు రోజులుగా లెక్కల మాస్టారు చూసుకుంటున్నాడు వాళ్ళని. పాపం ఆయనకి పరుగంటే బస్సు వెనక పరుగొక్కటే తెలుసు, కానీ చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. మొదట వరసలో నిలబెట్టాలి, ఎడమ నుంచి జెర్సీ నంబర్ల ప్రకారం, తర్వాత గట్టిగా "నొప్పా?" అని అరవాలి, పద్దెనిమిది గొంతులూ కలిసి "లేదు!" అని అరవాలి, అప్పుడు విజిల్. ఇది తను కనిపెట్టిన పద్ధతి. మిగతా బళ్ళ కోచ్‌లు కూడా చూసి ముచ్చటపడి పట్టుకెళ్ళారు. ఆ అరుపుకి గోడ మీద పావురాలు లేచేవి. ఒకసారి ఎవరో పెద్దాయన తనిఖీకి వచ్చి, పిల్లల్లో ఎంత ధైర్యం నింపారండీ అన్నాడు. శిక్షణకి బయల్దేరే ముందు రోజు కూడా అలాగే అడిగింది, అలాగే అరిచారు, పదకొండో నంబరు పొడుగుపిల్ల అరుస్తూ అరుస్తూ ఒక కాలి మడమతో రెండో కాలి ముంగాలు రుద్దుకుంది. తను చూసింది. చూసి విజిల్ ఊదింది. రిలే దగ్గర పడుతోంది మరి, ఇవాళ్టికి ఇంకా తొమ్మిది రోజులే, ఆ బడి పుట్టాక రిలేలో అంతదూరం వెళ్ళడం ఇదే మొదలు, ఆఖరి పరుగు ఆ పొడుగుపిల్లదే. లేదు. ఫారంలో ఆ మాట అచ్చులో నల్లగా, పొందిగ్గా కూర్చుని ఉంది. దాని కింద సంతకం పెడితే రేపు సాయంత్రానికి విజిల్ మెళ్ళో ఉంటుంది. పెట్టకపోతే పిల్లలూ లేరు, మైదానమూ లేదు. ఇరవై నాలుగేళ్ళు ఆ మట్టిలో తిరిగిన మనిషి ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది, ఎవరి మీద అరుస్తుంది?

ఏ ముఖం పెట్టుకుని ఫోన్ చేసిందో తెలియదు, చేసేసింది. పిడుగు ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ దగ్గర పని చేస్తుంది, రోజంతా నిలబడాలి, ఎడమ కాలు కింద చిన్న పీట వేసుకుంటుంది. ఏటా ఈమె పుట్టినరోజుకి మర్చిపోకుండా ఫోన్ చేస్తుంది. "మేడమ్! ఏంటి ఈ టైములో? ప్రాక్టీసు లేదా?" అంది. ఆమె బెంచీ మీంచి లేచి కిటికీ దగ్గరికి నడిచింది. ఎలా మొదలుపెట్టాలో తోచక, "నీ కాలు నువ్వు తప్పటడుగు వేసి విరగలేదే. అంతకు ముందే ఎముక చిట్లింది. నేను మందు రాసిన రోజుకే చిట్లింది. నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పరుగెత్తించాను," అంది ఒక్క గుక్కలో. అవతల ఎవరో ఫ్రేముల ధర అడుగుతున్నారు. "ఒక్క నిమిషం సార్," అంది పిడుగు ఆయనతో. తర్వాత, "నేను అబద్ధం చెప్పినందుకే విరిగిందనుకున్నాను మేడమ్," అంది. ఏ అబద్ధమే అంది తను. "మీరు నొప్పా అని అడిగేవారు కదా. అందరం లేదనేవాళ్ళం. నాకుండేది. అన్నాళ్ళూ ఉంది. పక్కవాళ్ళు లేదంటుంటే నేనొక్కదాన్నీ ఉందని ఎలా అంటాను? చాలా ఏళ్ళు అనుకున్నాను, నిజం చెప్పుంటే మేడమ్ ఆపేవారేమోనని. మా అమ్మక్కూడా చెప్పలేదు." కాదే, నీ తప్పు కాదే అని అనబోయి, ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది, కింద వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు. పదకొండేళ్ళు. తనేమో దిష్టి ఖాతాలో వేసేసి హాయిగా ఉంది, ఈ పిల్ల తన నెత్తిన వేసుకుని తిరిగింది. "మేడమ్, ఉన్నారా? ఏడుస్తున్నారా? అయ్యో, ఏడవకండి. నాకు కోపం లేదని చెప్పను, ఇప్పుడే కదా తెలిసింది, వస్తుందేమో, వస్తే ఫోన్ చేసి తిడతాను," అని నవ్వబోయి ఆగి, "ఒక్కటి చెప్పండి. ఇంకా అలాగే అడుగుతున్నారా?" అంది.

జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేసిన మాట నిజం. పెట్టేసి లెక్కల మాస్టారికి చేసింది. అక్కడ గాలి హోరు, పిల్లల గోల. "వరసలో నిలబెట్టారా? అడిగేశారా?" అంది. "ఇదిగో అడగబోతున్నానండీ," అన్నాడాయన ఆయాసపడుతూ. "అడగొద్దు. మాస్టారూ, అలా అడగొద్దు. ఒక్కొక్కళ్ళని నీళ్ళ కుళాయి పక్కకి పిలవండి, మిగతావాళ్ళకి వినబడకూడదు. ఎక్కడైనా నొప్పుందా నాన్నా అని మెల్లగా అడగండి. ఉందంటే ఎక్కడో చూపించమనండి. వేలితో చూపిస్తుందో చేత్తో రాస్తుందో రాసుకోండి. అంతే." ఆయన లెక్కల మనిషి, ఎందుకని అడగలేదు, "మూడు గళ్ళు గీస్తాను. వేలు, చెయ్యి, ఏమీ లేదు," అన్నాడు. పదహారో నంబరు లోపలికి వెళ్ళింది. ఫుట్‌బాల్ ఆయన. మోకాలు చాచుకుంటూ వెళ్ళాడు. ఆమె బెంచీ మీద కూర్చుని, హ్యాండ్‌బ్యాగు మోకాళ్ళ మీద అడ్డం పెట్టుకుని, పెన్ను మూత తీసి, ఆ నల్ల అచ్చు మాట మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. మూడు గీతలు చాల్లేదు. అక్షరాలు చిన్నవి చేసింది, పక్కనున్న ఖాళీలోకి వెళ్ళింది, కాగితం తిప్పి వెనక రాసింది. మందు రాసినట్టు రాసింది. పిల్ల ఉలిక్కిపడినట్టు రాసింది. ఓర్చుకో అన్నట్టు రాసింది. నొప్పా అని అరిచి అడిగే పద్ధతి తనదేననీ, నిన్నమొన్నటిదాకా అదే నడిచిందనీ రాసింది. చివర సంతకం పెట్టింది.

లోపల పరీక్షాధికారి ఆవిడ పెద్దావిడ, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతోంది. బొమ్మకి గుండె నొక్కించింది, చేతికి కట్టు కట్టించింది, బాగుందంది, టిక్కులు పెట్టుకుంటూ వచ్చింది. ఫారం ఆఖరి పేజీ దగ్గర కళ్ళజోడు ఎత్తి పెట్టుకుంది. చదివింది. తిప్పి వెనక కూడా చదివింది. సొరుగు లాగి కొత్త ఫారం తీసి బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, "ఇది నేను చూడలేదు. మళ్ళీ నింపండి. అన్నిట్లోనూ పాసయ్యారు మీరు. ఇది పంపానంటే కమిటీకి వెళ్తుంది, వాళ్ళు తేల్చేదాకా మీరు పిల్లలతో మైదానంలోకి వెళ్ళడానికి లేదు. నెల పడుతుందో, రెండు నెలలు పడుతుందో. ఇవ్వకపోనూ వచ్చు," అంది. రిలే తొమ్మిది రోజుల్లో, అనుకుంది ఆమె. కొత్త ఫారం తెల్లగా ఉంది, పద్నాలుగో గడి ఖాళీగా ఉంది. "ఇంతవరకు ఎంతమంది రాశారండీ అందులో?" అంది. ఆవిడ కళ్ళజోడు దించింది. "ఈ రెండు నెలల్లో నాలుగు వందల మందిని చూశాను. మీరే మొదలు." "అయితే ఆ నాలుగు వందల మందీ తమ పిల్లల్ని అడగలేదన్న మాట," అంది ఆమె. కోపంగా అనలేదు, తనకే చెప్పుకుంటున్నట్టు అంది. "ఉంచండి. పంపించండి." ఆవిడ కొత్త ఫారం మళ్ళీ సొరుగులో పెట్టేసి, పాత దాని మీద ముద్ర కొట్టింది.

బయట బెంచీ ఖాళీ అయిపోయింది, పద్దెనిమిదో నంబరు రానే లేదట. ఫోనులో లెక్కల మాస్టారి మెసేజ్ వచ్చి ఉంది: వేలు ఏడు, చెయ్యి నాలుగు, ఏమీ లేదు ఏడు. మూడూ కలిపి పద్దెనిమిది సరిపోయిందని కింద రాశాడు కూడా. ఏడు. గోడకి ఆనుకుని ఫోన్ చేసింది. "పదకొండో నంబరు, మాస్టారూ? పొడుగుపిల్ల?" ఆయన కాగితం తిప్పుతున్న చప్పుడైంది. "ఆ అమ్మాయి మొదట ఏమీ లేదందండీ. అలాగే రాసుకున్నాను. అందరూ అటు వెళ్ళాక తనొక్కతే వెనక్కి వచ్చింది, వంగి, మేజోడు దించి, వేలు పెట్టి చూపించింది. కొట్టేసి మార్చాను. మీకు మాత్రం చెప్పొద్దంది, సార్, మేడమ్‌కి చెప్పకండి అంది," అన్నాడు. ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. తర్వాత, "నాకు చెప్పలేదనే చెప్పండి. ఆ ఏడుగురినీ పరుగెత్తించొద్దు, బూట్లు విప్పించి గట్టు మీద కూర్చోబెట్టండి, రేపు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళ ఇళ్ళకి నేనే ఫోన్ చేస్తాను," అంది. "మరి రిలే అండీ?" అన్నాడాయన. "రిలే మానేద్దాం." "మీరు వస్తున్నారా?" "వస్తున్నాను. లోపలికి రాకూడదు నేను, గేటు బయట ఉంటాను. ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కళ్ళనే నా దగ్గరికి పంపండి," అని చెప్పి, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, మెట్లు దిగింది.